మూడో కూత తరవాత

పోయినవి ముందు లెక్క చెబుతాను. రైలు గేటు ఒకటి. దాని చారల కర్ర, పక్కన గేటుమన్ గది, ఆ గది ముందు అతను డబ్బాల్లో పెంచిన బంతి మొక్కలు రెండు. వర్క్‌షాప్ సైరన్ కూతలు రోజుకి మూడు. అది ఇంకా కూస్తుందేమో నాకు తెలీదు, మా వీధి దాకా మాత్రం రావడం లేదు. పెంకుటిళ్లు ఇరవై ఆరు, వాటిలో ఇప్పటికి పెంకు మిగిలింది రెండింటికి. బొగ్గు కుంపట్లు ఇంటికొకటి చొప్పున అన్నీ. బడి చదువులో నావి రెండేళ్లు. ఓట్లు పదకొండు.

చివరి లెక్క ఎప్పుడో తీరిపోయిందనుకున్నాను. పోయిన నెలలో అది మళ్లీ తెరుచుకుంది.

మునిసిపాలిటీ ఎన్నికలని ఓటరు చీటీలు పంచే అతను టోటో బ్యాటరీ ఆటోలో వచ్చాడు. మా ఇంటివి మూడూ ఇచ్చి, నాలుగోది చేతిలో పట్టుకుని ఎదురింటి తాళం వైపు చూశాడు. "దీదీ, ఈవిడ చీటీ మీకిచ్చి వెళ్లనా?" అని బెంగాలీలో అడిగాడు. తీసుకున్నాను. ఎదురింటావిడ పోయిన వానాకాలంలో చనిపోయింది. పేరు సరిగ్గానే ఉంది. ఇంటి నంబరు సరే. వయసు కూడా ఒక్క ఏడాది తేడా లేదు. అంకెలన్నీ ఒప్పే, మనిషే లేదు.

ఆవిడను వీధిలో అందరం మిషనత్త అనేవాళ్లం. కుట్టు మిషను ఉన్న ఇల్లు అదొక్కటే. మెడలో గొలుసుకు బదులు కొలత టేపు ఉండేది. ఆమె దగ్గరికి వెళితే మిషన్ నూనె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన, నోట్లో నమిలే సోంపు వాసన కలిసి వచ్చేవి.

మా వీధి ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, పూరీ గేట్ అనే రైలు గేటు దగ్గర, రైల్వే హద్దు దాటాక ఉంటుంది. క్వార్టర్లు రానివాళ్లూ, రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసినవాళ్లూ చందాలు వేసుకుని కట్టుకున్న వీధి. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు పట్టాల పనికి వచ్చిన కుటుంబాలే అన్నీ. ముందు రైలు పట్టాలు. ఎడమ పక్క ఎత్తయిన గోడ. కుడి పక్క ఇంజన్ల బూడిద పోసిపోసి కొండలా పెరిగిన దిబ్బ. వెనక నల్లటి మురుగు నాలా. బయటికి పోవాలంటే గేటు ఒక్కటే దారి. ఆ గేటు రోజులో ఎన్నిసార్లు మూస్తారో, ఎంతసేపు మూస్తారో నేను నోటుబుక్కులో రాసేదాన్ని. ఎవరూ రాయమనలేదు. నిలబడి ఉండడం తప్ప పని లేనప్పుడు ఏదో ఒకటి లెక్కపెట్టాలి కదా.

నాలా వెడల్పు పద్నాలుగు అడుగులు. తాడుకి రాయి కట్టి విసిరి కొలిచాను. దాని మీద చిన్న కల్వర్టు వేస్తే అవతలి రోడ్డు, ఆ రోడ్డులో మా ఆడపిల్లల హైస్కూలు. ఆరు నిమిషాల నడక. గేటు మీదుగా వెళితే, గేటు తెరిచి ఉన్న రోజున ఇరవై ఒక్క నిమిషం. మూసి ఉన్న రోజున చెప్పలేం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక్క నెలలో తొమ్మిది రోజులు ఆలస్యమయ్యాను. అందులో ఆరు రోజులు బడి గేటు కూడా మూసేశారు. పుస్తకాల సంచితో వెనక్కి వస్తుంటే మళ్లీ రైలు గేటు పడేది. ఒక రోజు రెండు గేట్ల మధ్య రోడ్డు మీద గంటా పది నిమిషాలు ఉన్నాను.

ఆ రోజే నాన్న చూశాడు. వర్క్‌షాప్‌లో ఫిట్టరు ఆయన. సైకిళ్ల మధ్య, బీడీల పొగలో నేను పెన్సిలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏటే, ఈడ నిలబడి ఏటి సేస్తన్నావు?"

"లెక్క రాస్తన్నాను నానా. ఇయ్యాల నలభై రెండు నిమిషాలు మూసినారు."

"నీ లెక్క తగలెయ్య. ఊరోల్లంతా సూస్తన్నారు." ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటూ అమ్మతో చెబుతున్నట్టుగా నాకు చెప్పాడు. "ఎనకాల దారి పడితే తొమ్మిదికి పంపుతాను. నేకపోతే ఎనిమిదితో సరి. ఆడగుంట మగోల్ల సైకిల్ల మజ్జిన నిలబడి సదవక్కర్నేదు."

అమ్మ పప్పులో గరిటె తిప్పుతూనే ఉంది. ఆ రాత్రి పప్పు అడుగంటిన వాసన వేసింది.

అలా నా తొమ్మిదో తరగతి పద్నాలుగు అడుగుల కల్వర్టు మీద ఆగింది. కల్వర్టు వేయాల్సింది మునిసిపాలిటీ. మునిసిపాలిటీలో మాట్లాడాల్సింది కౌన్సిలరు. కౌన్సిలరు ఎన్నికలు రెండు నెలల్లో.

ఆ ఏడు మా వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. ముగ్గురు నిలబడ్డారు. గొడుగు గుర్తు మీద ఒక కాంట్రాక్టరు భార్య. ఆయన ముందు నడిచేవాడు, ఆవిడ వెనక చేతులు జోడించుకుని నడిచేది. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో ఎన్నికలయ్యే దాకా నేను వినలేదు. "భాభీ, ఓటు గొడుక్కి వెయ్యండి, పని నేను చేస్తా" అనేవాడాయన. మూడేళ్ల కిందట అదే కల్వర్టు కోసమని నాలుగు సిమెంటు గొట్టాలు తెచ్చి నాలా పక్కన దింపించింది ఆయనే. వాటిలో మా వీధి మేకలు నిద్రపోయేవి. లాంతరు గుర్తు మీద రిటైరైన బెంగాలీ టీచరు దీదీ. మంచి మనిషి. మా వీధికి వచ్చినప్పుడు మేక పిల్లను చూసి కూడా పక్కకి జరిగింది. "నేనొక్కదాన్ని ఏం చేయగలనో తెలీదు, ప్రయత్నిస్తాను" అని నిజమే చెప్పి వెళ్లింది. మూడోది మా మిషనత్త. గుర్తు ఏం కావాలని అడిగితే కుట్టు మిషనే అడిగి తెచ్చుకుంది.

ఆమె ఎందుకు నిలబడిందో అందరికీ తెలుసు. ఆమె భర్త పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఒక పొద్దున డ్యూటీకి వేళ మించిపోతుంటే, గేటు దగ్గర ఆగి ఉన్న గూడ్సు బండి కింద నుంచి దూరాడు. బండి కదిలింది. అప్పటి నుంచి మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. ఆగిన బండి కింద నుంచి ఎవరూ దూరకూడదు. మిగతా ఊరివాళ్లు సైకిళ్లు పడుకోబెట్టి మరీ దూరిపోయేవారు. మేం నిలబడి చూసేవాళ్లం.

సాయంత్రాలు ఫోర్‌మన్ తాతయ్య అరుగు మీద ఎన్నికల మాటలు జరిగేవి. ఆయన రిటైరై ఆరేళ్లయినా వీధికి ఫోర్‌మనే. చేతి గడియారం ఉన్న కొద్దిమందిలో ఆయనొకడు. పక్కింటి ఇడ్లీల పిన్ని మర్నాటికి పప్పు రుబ్బుతుండేది, రోలు చప్పుడు మీదుగా అందరూ గట్టిగా మాట్లాడేవారు. ఒక సాయంత్రం తాతయ్య నన్ను పిలిచాడు.

"ఒలే గుంటా, బడిలో నీకు మార్కులేస్తారు గదా. నువ్వు ఈ ముగ్గురికీ ఎయ్యి. అప్పుడు తేలిపోద్ది."

ఆయన నవ్వుతాలుకే అన్నాడు. నేను నిజంగానే వేసుకుని వచ్చాను. నాలుగు గడులు గీశాను, ఒక్కోదానికి పది. ఆఫీసులో మాట్లాడడం, మాట మీద నిలబడడం, నిజం చెప్పడం, మన వీధి బాధ తెలియడం. అరుగు ముందు నిలబడి చదివాను. గొడుగు: ఎనిమిది, రెండు, ఒకటి, మూడు. మొత్తం పద్నాలుగు. లాంతరు: తొమ్మిది, ఏడు, తొమ్మిది, మూడు. ఇరవై ఎనిమిది.

"మరి నాకెన్నే?" అంటూ మిషనత్త వచ్చింది. చేతిలో ఎవరిదో సగం కుట్టిన చొక్కా ఉంది.

"ఆఫీసులో మాటాడ్డానికి మూడు అత్తా."

"మూడా! గజానికి రెండంగుళాలు తక్కువ కోసినాడని గోల్ బజార్లో బట్టల కొట్టోడిని ఏడిపించినాను. మూడేటే?"

"అందుకే మూడు," అన్నాడు నాన్న. "నువ్వు ఆపీసుకెల్తే ఆల్ల కుర్సీలు ఆల్లకి మిగల్వు."

రోలు ఆగింది. ఇడ్లీల పిన్ని నవ్వాపుకోలేక పిండి చేత్తోనే మూతి తుడుచుకుంది.

"మాట మీద నిలబడ్డానికి ఎనిమిది. నిజం చెప్పడానికి పది," అని చదివాను.

"ఆ పదీ వేయాల్సిందే," అంది గుడి అమ్మగారు. మా కోవెల అర్చకుల భార్య ఆవిడ, వీధిలో పుస్తకాలు చదివేది ఆవిడొక్కతే. "రవికె బిగుతైందమ్మా అంటే, కుట్టు సరిగ్గానే ఉంది, మీరే ఒళ్లు చేశారని మొహం మీద చెప్పింది."

"మరి సేసినారు గదా అమ్మగారూ!"

వీధి బాధ తెలియడానికి ఇంకో పది. మొత్తం ముప్పై ఒకటి. ఫోర్‌మన్ తాతయ్య నా కాగితం తీసుకుని రెండుసార్లు కూడి చూశాడు. "కూడిక ఒప్పే. ఎవులికెయ్యాలో తేలిపోనాది. ఇంక ఎలాగెయ్యాలో నువ్వే సూడు," అన్నాడు. నా వయసప్పుడు పదమూడు. అంతమంది పెద్దవాళ్లు నా అంకెల వైపు చూడడం అదే మొదటిసారి.

మా వీధి ఓట్లు తొంభై నాలుగు. మగవాళ్లవి నలభై ఐదు, ఆడవాళ్లవి నలభై తొమ్మిది. పోలింగు గేటు అవతల, మా హైస్కూల్లోనే. మగవాళ్లు పొద్దున్నే వేసి వచ్చేస్తారు. ఆడవాళ్లందరూ ఒక్కసారే వెళితే పిల్లలెవరికి, పొయ్యి ఎవరికి, కుళాయి ఎవరికి? అందుకని మూడు జట్లు చేశాను. పంతొమ్మిది, పంతొమ్మిది, పదకొండు. గంటలు రాస్తే సగం ఇళ్లలో గడియారం లేదు. కూత అందరికీ ఉంది. మా వీధిలో పొయ్యి వెలిగేది మొదటి కూతకి, అన్నం క్యారియర్లు బయల్దేరేది రెండో కూతకి, మూడున్నరకి మూడో కూత కూయగానే బిందెలు కుళాయి దగ్గర వరస కట్టేవి. మిషనత్త గుడ్డ కత్తిరింపుల నమూనాలు గీసుకునే ఖాకీ కాగితం ఇచ్చింది. దాన్ని నలభై తొమ్మిది ముక్కలు చేసి ఒక్కోదాని మీద రాశాను. మొదటి కూత తరవాత. రెండో కూత తరవాత. మూడో కూత తరవాత.

వాటిని ఫోర్‌మన్ తాతయ్య చూశాడు. జీవితమంతా ఆ కూతకి లేచిన మనిషి. నాన్న చూశాడు. గుడి అమ్మగారు అక్షరాలు గుండ్రంగా ఉన్నాయంది.

ఓట్ల రోజున వర్క్‌షాప్‌కి సెలవు. సెలవు రోజున సైరన్ కూయదు. ఈ రెండు ముక్కలు మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. రెండూ కలిపి ఎవరమూ ఆలోచించలేదు.

ఆ రోజు పొద్దున్నుంచే పండగలా ఉంది. మొదటి జట్టు మగవాళ్లతో పాటే తయారై వెళ్లిపోయింది, కూత సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రెండో జట్టు వంటలయ్యాక ఒకరి వెనక ఒకరు వచ్చారు. నేను బడికి దూరంగా వేసిన బల్ల దగ్గర, ఫోర్‌మన్ తాతయ్య పక్కన కూర్చుని, వచ్చినవాళ్ల పేరు పక్కన టిక్కు పెడుతున్నాను. మిషనత్త బడి ముందు అటూ ఇటూ తిరుగుతూ, అలవాటు చొప్పున వచ్చినవాళ్ల జాకెట్ల భుజాలు సర్దుతోంది. టిక్కులు ఎనభై మూడు అయ్యాయి. ఆ తరవాత కదల్లేదు. నాకు కంగారు లేదు, మూడో జట్టు కూత అయ్యాక కదా వస్తుంది.

నీడలు పొడుగయ్యాయి. గొడుగు వాళ్ల బల్ల దగ్గర టీలు పంచుతున్నారు.

"తాతా, కూత ఇంకా అవ్వనేదేటి?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో విన్నాడు. ఆ తరవాత నా వైపు చూశాడు.

"ఓలమ్మా," అన్నాడు మెల్లగా. "ఇయ్యాల కూతేటే గుంటా?"

నాలుగుంబావు అయింది. ఐదుకి తలుపులు మూస్తారు.

పరిగెత్తాను. గేటు తెరిచే ఉంది. వీధిలోకి అడుగు పెట్టేసరికి వెల్లుల్లి, మసాలా, మాంసం కూర వాసన ఇంకా గాలిలో ఉంది. సెలవు రోజు భోజనం చేసి మగవాళ్లు మంచాల మీద, ఆడవాళ్లు చాపల మీద నిద్రపోతున్నారు. కూత వస్తే లేస్తారు. ఎప్పుడూ అలాగే లేచారు. నేను ఒక్కో తలుపూ కొట్టుకుంటూ పోయాను. ఇడ్లీల పిన్ని నానిన పప్పు మీద చేయి పెట్టి కూర్చునే కునుకుతోంది. మేకలు పెంచే మామ్మ చీటీని కొంగున ముడేసుకుని, ఆ ముడి మీద చేయి వేసుకుని పడుకుంది. గుడి అమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని, మడతలు పడతాయని గోడకి ఆనకుండా పీట మీద నిటారుగా కూర్చుని ఉంది.

"రెండింటి నుంచీ తయారుగా ఉన్నానమ్మా," అంది. "కూత వినబడలేదే అనుకుంటున్నాను."

పదకొండు మందినీ రోడ్డెక్కించేసరికి నాలుగూ ముప్పై ఐదో, ముప్పై ఆరో. గేటుకి ఇంకా ఇరవై గజాలుందనగా గంట మోగింది. చారల కర్ర దిగింది. బరువైన గూడ్సు ఒకటి నెమ్మదిగా వచ్చింది. పోతుందిలే అనుకున్నాం. అది గేటుకి అడ్డంగా ఆగిపోయింది.

వ్యాగన్లు లెక్కపెట్టాను. అటు పదిహేడు, ఇటు ఇరవై నాలుగు. చుట్టూ తిరిగి పోవడానికి దారి లేదు.

మా పక్క నిలబడ్డవాళ్లు కాసేపు చూసి, సైకిళ్లు వంచి, ఒక్కొక్కరే కర్ర కింద నుంచీ, బండి కింద నుంచీ దూరి అవతలికి వెళ్లిపోతున్నారు. అరనిమిషం పని. పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. మేకల మామ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి బిగించింది.

"నాను దూరిపోతాను. ఈ వయసులో నాకేటైతే ఏటి. పదండి."

ఆమె వంగింది. అప్పుడు అవతలి నుంచి కేక వినబడింది. నేను కూడా వంగి చూశాను. చక్రాల మధ్య నుంచి రెండు కాళ్లు, వాటి పైన వేలాడుతున్న కొలత టేపు, ఆ పైన తలకిందులుగా మిషనత్త మొహం. మమ్మల్ని వెతుక్కుంటూ గేటు దాకా వచ్చేసింది.

"ఎవులే ఆ ఒంగినాది? మామ్మా! లెగు! లెగమంటన్నాను!"

"ఇరవై నిమిషాలే ఉన్నాదే! ఓటు పోద్ది!"

"పోనీ! మట్టిలో కలిసిపోనీ! ఎవులైనా కింద దూరినారంటే నా మీద ఒట్టే. ఈ పట్టాలకి మా ఇంట్లోంచి ఒకడు సాలు."

మామ్మ లేచి నిలబడింది. కుచ్చిళ్లు దించుకుంది. తరవాత ఎవరూ కదల్లేదు. గొడుగు వాళ్ల మనుషులు ఇద్దరు మా పక్క నుంచే దూరి వెళ్లారు, ఒకడు వెనక్కి తిరిగి మమ్మల్ని రమ్మని చేయి ఊపాడు కూడా. బండి కింద ఆ టేపు అలా వేలాడుతూనే ఉంది. మేం దూరకుండా ఆమె అక్కడే వంగి కాపలా కాసింది.

బండి కదిలేసరికి ఐదు దాటి నాలుగు నిమిషాలు. అయినా పరిగెత్తాం. బడి తలుపు మూసేశారు. గుడి అమ్మగారు గ్రిల్లు సందులోంచి ఖాకీ చీటీ లోపలి పోలీసుకి చూపించింది. మూడో కూత తరవాత, అని నా గుండ్రటి అక్షరాలు. అతనికి తెలుగు రాదు.

మిషనత్త గొడుగు మీద ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. పదకొండులోంచి ఏడు తీసేస్తే నాలుగు. వార్త చెప్పిన మనిషి వాక్యం పూర్తి చేయకముందే నాకు లెక్క వచ్చేసింది. నాలుగు ఓట్లతో గెలవాల్సిన మనిషి.

ఎవరూ నన్ను తిట్టలేదు. నాన్న కూడా తిట్టలేదు. పరీక్షలయ్యాక నా ఎనిమిదో తరగతి పుస్తకాలు దారంతో కట్టి ఎవరికో ఇచ్చేశాడు, అంతే. గేటు లెక్కల నోటుబుక్కు మాత్రం అమ్మ బియ్యం డబ్బా వెనక దాచింది. నాకు అన్నం సహించేది కాదు. మధ్యాహ్నం మూడున్నరకి కూత వచ్చిన ప్రతిసారీ చెవులు మూసుకునేదాన్ని. ముందు పట్టాలు, వెనక నాలా, మధ్యలో ఇరవై ఆరు ఇళ్లు. అన్నీ అంతకుముందూ ఉన్నవే. పొద్దున్న లేచి వెళ్లడానికి ఒక చోటు లేకపోయేసరికి గోడలు దగ్గరికి జరిగినట్టుండేది.

ఒక రోజు నాలా దగ్గర కూర్చుని ఉంటే మిషనత్త వచ్చింది.

"ఏటే గుంటా, నువ్వు నాకు పదకొండు బాకీ. ఈసారి నిలబడినప్పుడు తీర్సేయాల."

నవ్వించాలనే అంది. నా మొహం చూసి ఆగిపోయింది. టేపు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తరవాతి వారంలో ముగ్గురు వచ్చారు. ముందు ఇడ్లీల పిన్ని. రెండు ఇడ్లీలు ఆకులో తెచ్చి, "ఇదో గుంటా, ఎవుల్తోటీ అనకు. నాను ఎలాగూ గొడుక్కే ఎయ్యాలనుకున్నాను," అంది. రెండు రోజులకి మేకల మామ్మ, ఇంచుమించు అదే మాట. శుక్రవారం గుడి అమ్మగారు చక్కెర పొంగలి గిన్నె ఇస్తూ, నేలవైపు చూస్తూ చెప్పింది. "నా ఓటు గొడుక్కే వెళ్లేదమ్మా. నీకు తెలియాలని చెప్పాను."

వాళ్లు వెళ్లాక వేలితో నేల మీద రాశాను. పదకొండులో ముగ్గురు గొడుక్కి వేస్తే మిషనుకి ఎనిమిది. ఎనిమిదిలోంచి మూడు పోతే లాభం ఐదు. లోటు ఏడు. అంటే మూడో జట్టు మొత్తం వేళకి వెళ్లినా అత్త రెండు ఓట్లతో ఓడిపోయేది. నా కూత వల్ల ఏమీ మారలేదు. మూడుసార్లు చేసి చూశాను, అదే వచ్చింది. ఆ రోజు పొంగలి గిన్నె ఖాళీ చేశాను. నెయ్యి, పచ్చకర్పూరం వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఆ లెక్క మీద నేను ముప్పై ఏళ్లకు పైగా బతికాను. మిషనత్త ఖాకీ కాగితం చివర్లు ఇస్తూ ఉండేది. వాటి మీద, ఎవరో పారేసిన పాత లెక్కల పుస్తకాలు చూసి, నాకు నేనే భిన్నాలూ శాతాలూ వడ్డీలూ నేర్చుకున్నాను. పెళ్లి కూడా అదే వీధిలో, ఆరిళ్ల అవతల అయింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల పెన్షను కాగితాలు ఎవరివైనా ముందు నా దగ్గరికే వస్తాయి. కల్వర్టు కూడా పడింది. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. మొదటి రోజు వాళ్లను బడికి దింపుతూ గడియారం చూశాను. సరిగ్గా ఆరు నిమిషాలు. అత్త మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు. ఎందుకని అడిగితే, "ఒక్కపాలి కొలత తప్పితే గుడ్డ పాడైపోద్దే," అనేది.

అత్త చీటీ పట్టుకుని నేను ఇడ్లీల పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆ ముగ్గురిలో మిగిలింది ఆవిడే. కొట్టు కోడలు నడుపుతోంది, పిన్ని గుమ్మంలో కూర్చుని కారప్పొడి పొట్లాలు కడుతోంది. చీటీ చూపించాను. అక్షరాలు రాకపోయినా ఎవరిదో చెబితే కళ్లకద్దుకుంది.

"మిషనప్పకి ఓట్లు ఇంకా వస్తన్నాయా!" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. తరవాత అంది: "నాను గొడుక్కేస్తానని నీతోటి అబద్ధమాడినాను గదే. నా చేతులు మిషనుకే ఎయ్యాలని దురద పెట్టినాయి ఆ రోజు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అప్పే సెప్పమన్నాది. గుంట తిండి మానేసినాదని ఒకటే బెంగ. ఖాకీ కాగితం మీద పదకొండు గీతలు గీసుకొచ్చినాది. ఇద్దరు సెబితే సమానమైపోద్దట, సీటీలేసి ఒకటి తీసి తేలుస్తారట, గుంటకి మల్లా అనుమానమొస్తాదట. ముగ్గురు కావాల అన్నాది. మామ్మని, అమ్మగారిని, నన్ను కొలిసి తీసినట్టు తీసినాది. అమ్మగారు అబద్ధమాడ్నంటే ఆవిడ కాల్లట్టుకున్నాది."

ఇంటికి వచ్చి లెక్క మళ్లీ చేశాను. ఇద్దరైతే తొమ్మిదిలోంచి రెండు పోయి లాభం ఏడు, లోటు ఏడు. సమానం. నిజమే. ముగ్గురే కావాలి. నలుగురు అక్కర్లేదు. బడి మొహం చూడని మనిషి, గుడ్డ వృథా కాకుండా కత్తిరించినట్టు, ఒక్క అబద్ధం కూడా వృథా కాకుండా కొలుచుకుంది.

మా అమ్మ దాచిన నోటుబుక్కు నా దగ్గరే ఉంది. చివరి పేజీలో ఆ మార్కుల గడులున్నాయి. నిజం చెప్పడం కింద అత్తకి పది వేశాను. అందులోంచి మూడు తీసేయాలేమో అని పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తీయలేదు. ఆఫీసులో మాట్లాడడం కింద వేసిన మూడు మాత్రం కొట్టేసి పది చేశాను. మొత్తం ముప్పై ఎనిమిది.

చనిపోయినవాళ్ల పేరు జాబితాలో ఉంచడం తప్పు. ఫారం తెచ్చి నింపాను. ఆఫీసులో అతను పైనుంచి కిందికి చదివి, "ఆమెకు మీరేమవుతారు?" అని అడిగాడు. ఆ గడి ఖాళీగా వదిలేశానట. ఎదురిల్లు, అని రాసిచ్చాను. ఓట్ల రోజు పొద్దున్నే, తలుపు తీయకముందే వెళ్లి వరసలో నిలబడ్డాను. వచ్చేటప్పుడు కల్వర్టు మీద కాసేపు ఆగాను. నా కూత వల్ల అత్తకి పడ్డ నష్టం సున్నా అని, ఆ ముగ్గురి మాట మీద ఇన్నేళ్లూ అనుకున్నాను. అత్త పేరు కొట్టేశారు. ఆమెకు నేను పడ్డ బాకీ ఏ ఫారంలోనూ కొట్టేయడానికి గడి లేదు.

ఈనాటికి పదకొండు.